ఓపెన్ ఫార్మాట్ తెరుచుకోకుండా చేయడం ఎలా?

దోహాలో ఏ తెలుగు సంఘమైనా తీసుకోండి. ఒక అధ్యక్షుడు, నలుగురు ఉపాధ్యక్షులు, ఒక వీడియో కుర్రాడు ఉంటారు. మొదటి ఐదుగురికీ శాలువాలు కప్పుతారు. ఆరోవాడి చేతిలో పెన్‌డ్రైవ్ పెడతారు. ఆ ఆరోవాణ్ణి నేనే. పన్నెండేళ్లుగా నేనే. జుట్టు నెరిసింది గానీ సంఘంలో ఇంకా వీడియో కుర్రాడినే.

పగలు ఒక కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. గురువారం సాయంత్రం నజ్మాలోని మా గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నానంటే శనివారం రాత్రికి లేస్తాను. బతుకమ్మ, ఉగాది, వనభోజనాలు, ఉద్యోగం ముగించుకుని ఊరికి వెళ్లిపోయేవాళ్ల వీడ్కోలు సభలు, అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. ‘పోతాయి’ అన్న మాటను మీకు తోచిన అర్థంలో తీసుకోండి.

ఈ మధ్య కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను నిలవనివ్వడం లేదు. “అన్నా, ఎంకేవీ ఫైలు ప్రీమియర్ల ఎక్కుతలేదు, ఏం జెయ్యాలె?” అని ఒకడు. “వెబ్‌ఎంకు ఏ ప్లగిన్ మంచిదన్నా?” అని ఇంకొకడు. ఒక్కొక్కడికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక నా అనుభవసారాన్ని చిట్కాలుగా రాసిపెడుతున్నాను. తు.చ. తప్పకుండా పాటిస్తే మీ వీడియోలు మీకు తప్ప ఎవరికీ తెరుచుకోవు. కొన్నాళ్లకు మీకూ తెరుచుకోవు. అంతకు మించిన భద్రత ఎక్కడుంది?

చిట్కా 1: పేరు మారిస్తే ఫైలు మారుతుందని నమ్మండి

ఎంకేవీ ఫైలు ఎక్కడం లేదా? పేరు చివరున్న ఎంకేవీ చెరిపేసి ఎంపీ4 అని రాయండి. మొండి సాఫ్ట్‌వేర్ అప్పటికీ ఒప్పుకోకపోతే ఏవీఐ అని రాయండి. ఏదో ఒక పేరుకు అదే దారికొస్తుంది.

ఒకప్పుడు మా గదికి మెస్సు నుంచి క్యారియర్ వచ్చేది. మూత మీద నల్ల స్కెచ్ పెన్నుతో ‘చికెన్’ అని ఉండేది. విప్పితే పై గిన్నెలో అన్నం, నడిమి గిన్నెలో పప్పుచారు, అడుగున క్యాబేజీ. మూత మీద ‘మటన్’ అని దిద్దుకుంటే క్యాబేజీ మటన్ అవుతుందని మా గదిలో ఎవరూ అనుకోలేదు. అంత తెలివైనవాళ్లం ఫైళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం రాతనే నమ్ముతాం. నమ్మాలి కూడా.

చాదస్తులు ఇంకోలా చెబుతారు. ఎంకేవీ, వెబ్‌ఎం, ఎంపీ4 అనేవి క్యారియర్లట. హెచ్.264, వీపీ9, ఏవీ1 అనేవి లోపలి కూరలట, వాటి అసలు పేరు కోడెక్‌లు. ఎంకేవీ అసలు పేరు మట్రోస్కా. బొమ్మలో బొమ్మ ఇమిడే రష్యన్ బొమ్మల పేరు మీద పెట్టారు. ఒకే ఎంకేవీలో వీడియో, నాలుగు ఆడియోలు, సబ్‌టైటిళ్లు, వాటికి కావలసిన ఫాంట్లు కూడా సర్దొచ్చు. వెబ్‌ఎం అదే క్యారియర్‌కు చిన్న తమ్ముడు. చాలాసార్లు ఎంకేవీ లోపలున్నది మనందరికీ తెలిసిన హెచ్.264 కూరే. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కూరను గుర్తుపడుతుంది గానీ క్యారియర్ మూత తీయడం దానికి రాదు. అలాంటప్పుడు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టుతో, లోపలిది ముట్టుకోకుండా గిన్నె మాత్రం మార్చేయొచ్చు. దీన్నే రీమక్స్ అంటారు. గంట వీడియోకు నిమిషం పట్టడం కూడా ఎక్కువే. నాణ్యత నూలుపోగంత తగ్గదు. ప్లగిన్ అక్కర్లేదు.

ఇంత తేలిగ్గా పని అయిపోతే మిమ్మల్ని పిలిచి కరక్ చాయ్ పోయించేవాడెవడు? పేరు మార్చడమే మేలు.

చిట్కా 2: ఓపెన్ అంటే ఉచితం, ఉచితం అంటే నాసి అని తేల్చేయండి

ఎవరైనా ఓపెన్ ఫార్మాట్ అనగానే చిన్నగా నవ్వండి. “అవి ఎవరు వాడతారు తమ్మీ?” అనండి. చరిత్ర మాత్రం చదవకండి.

చదివితే కొన్ని చిక్కులున్నాయి. ఆన్‌టూ అనే కంపెనీ తన వీపీ3 కోడెక్‌ను లోకానికి వదిలేస్తే, జిఫ్ సంస్థ వాళ్లు దాని మీద థియోరా కట్టారు. 2008లో దాని 1.0 వచ్చింది. 2010లో గూగుల్ ఆన్‌టూనే కొనేసి, అదే ఏడాది మే 19న వీపీ8తో కలిపి వెబ్‌ఎంను ప్రకటించింది. 2013లో వీపీ9. ఆ తర్వాత ఒకరంటే ఒకరికి పడని పెద్ద కంపెనీలు 2015లో ఒక కూటమి కట్టి, 2018లో ఏవీ1 తెచ్చాయి. వీటన్నిటికీ ఉన్న పోలిక ఏమిటంటే, ఎలా తయారయ్యాయో చెప్పే పత్రం బహిరంగంగా ఉంటుంది; వాడుకున్నందుకు ఎవరికీ పేటెంటు కప్పం కట్టనక్కర్లేకుండా వీటిని కట్టారు.

ఇక వాడకం మాట. మా గదిలో డబుల్ డెక్కర్ మంచం పైబెర్తు మీద మెట్‌పల్లి బావ ఉంటాడు. డ్యూటీ దిగి, స్నానం చేసి, గోడ వైపు తిరిగి పడుకుని, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని మైకు గుర్తు మీద బొటనవేలు నొక్కి పట్టుకుంటాడు. “ఆఁ, తిన్నరా? పోరగాడు బడికి పోయిండా?” అంటాడు. వేలు తీస్తాడు. ఆ వాయిస్ మెసేజ్ ఊరికి చేరేది ఓపస్ అనే కోడెక్‌లో. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపెన్ కోడెక్ అది. వాళ్లావిడ బదులుగా పంపే దండం స్టిక్కర్ వెబ్‌పీ. దాని పుట్టిల్లు వీపీ8. ఆ తర్వాత బావ నిద్రపట్టేదాకా చూసే యూట్యూబ్ పాటలు చాలావరకు వీపీ9, ఏవీ1లోనే వస్తాయి. పొద్దుగూకింది మొదలు ఓపెన్ ఫార్మాట్లు తప్ప ఇంకోటి ముట్టని మనిషి. “ఓపెన్ ఫార్మాట్ ఎవలు వాడుతరు బావా?” అని పైబెర్తు మీద నుంచి నాకు వంత పాడేదీ అతనే.

చిట్కా 3: కనిపించిన ప్లగిన్‌నల్లా ఎక్కించండి, అదీ ప్రోగ్రాం ముందు రాత్రి

ప్లగిన్ అంటే తాయెత్తు లాంటిది. ఒకటి కట్టుకుంటే ఒక దెయ్యం పోతుంది. పది కట్టుకుంటే పది పోతాయి. ఏ దెయ్యం ఏ తాయెత్తుకు పోయిందో రాసిపెట్టుకోకండి.

ప్రీమియర్ నుంచి నేరుగా వెబ్‌ఎం తీయడానికి ఫ్‌నార్డ్ వాళ్ల ఉచిత ప్లగిన్ ఉంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కోడెక్‌లను ప్రీమియర్, వేగాస్ లాంటి వాటిలోకి తెచ్చే వూకోడర్ ఉంది. రెండూ బంగారం లాంటివే. వాటిని పాడుచేయాలంటే వెర్షన్ చూడకుండా ఎక్కించాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఆటోమేటిక్ అప్‌డేట్ తెరిచి ఉంచాలి. రాత్రి పదకొండింటికి అప్‌డేట్ దిగుతుంది. ఎక్స్‌పోర్ట్ జాబితాలో నిన్నటిదాకా ఉన్న వెబ్‌ఎం మాయమవుతుంది. రేపు పొద్దున ప్రోగ్రాం. జీవితంలో ఉత్సాహం ఇలాగే పుడుతుంది.

మాక్ వాడేవాళ్లకు ఒకప్పుడు జిఫ్‌క్యూటీ అని ఉండేది. దాన్ని ఎక్కిస్తే క్విక్‌టైమ్ మీద నడిచే సాఫ్ట్‌వేర్లన్నీ ఆగ్ అనే క్యారియర్‌లోని థియోరా ఫైళ్లు తెరిచేవి. విండోస్‌లో క్విక్‌టైమ్‌ను ఆపిల్ 2016లో గాలికొదిలేసింది. దాన్ని తీసేయండని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే చెప్పింది. 2019లో వచ్చిన మాక్ కాటలీనాలో పాత క్విక్‌టైమ్ 7 పనిచేయడం మానేసింది. కొమ్మ విరిగితే గూడు మిగలదు కదా, ప్లగిన్ కూడా పోయింది.

ఇక్కడే మీ తెలివి చూపించాలి. “చూశారా, థియోరా చచ్చిపోయింది” అని ప్రచారం చేయండి. చచ్చింది ప్లగిన్ అనీ, ఆనాటి థియోరా ఫైలును ఇవాళ వీఎల్‌సీలో వేస్తే నిక్షేపంగా ఆడుతుందనీ ఎవరికీ చెప్పకండి. కెడెన్‌లైవ్, షాట్‌కట్ లాంటి ఉచిత ఎడిటర్లు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను తమ లోపలే పెట్టుకుని ఉంటాయనీ, వాటిలో వెబ్‌ఎంకు, ఎంకేవీకి ఏ ప్లగినూ అక్కర్లేదనీ అసలే చెప్పకండి. తాయెత్తుల బేరం దెబ్బతింటుంది.

చిట్కా 4: వచ్చిన ఫైలును వచ్చినట్టే కోయండి

ఏవీ1 ఫైలును తిన్నగా టైమ్‌లైన్ మీద పడేయండి. 8 జీబీ ల్యాప్‌టాప్ అయితే మరీ మంచిది. బాణం గుర్తు కదిపాక బొమ్మ కదలడానికి పట్టే సమయంలో ఒక కరక్ తాగి రావచ్చు.

ఎందుకు ఆగుతుందంటే, ఈ ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. మా వీధి కిరాణా కొట్టు (ఇక్కడ బఖాలా అంటారు) మలయాళీ చేటా ఖాతా పుస్తకం లాంటిది. ‘నిన్నటి మీద 3 రియాళ్లు’, ‘దాని మీద 5’, ‘పెరుగు వాపసు, 2 తీసేయాలి’ అని ఉంటుంది. 17వ తేదీ బాకీ ఎంత అని అడిగితే చేటా 1వ తేదీ దాకా పేజీలు తిప్పి కూడుకుంటూ రావాలి. వీపీ9, ఏవీ1, హెచ్.264 అన్నీ మామూలుగా ఇలాంటి ఖాతాలే. చూసేవాడికి మొదటి నుంచి చివరి దాకా వరసగా కూడుకుంటూ పోవడం తేలికే. కోసేవాడు ఎక్కడంటే అక్కడ వేలు పెట్టి “ఇక్కడ ఎంత?” అంటాడు.

అందుకే తెలిసినవాళ్లు ముందు ఎడిటింగ్‌కు అనువైన కోడెక్‌లోకి మార్చుకుంటారు. అందులో ప్రతి రోజు బాకీ పూర్తిగా రాసి ఉంటుంది. ఆపిల్ ప్రోరెస్, ఎవిడ్ డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ, 2017లో గోప్రో ఓపెన్ సోర్స్ చేసిన సినీఫామ్ ఇలాంటివి. కాకపోతే చోటు తింటాయి. సెకనుకు 25 ఫ్రేముల 1080 వీడియోను డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ 120లో పెడితే గంటకు 54 జీబీ. అంత చోటు లేకపోతే చిన్న సైజు ప్రాక్సీలు చేసుకుని, కోసి, చివర్లో అసలు ఫైళ్లకు ముడిపెడతారు. మీరు చేసుకోకండి. కంప్యూటర్ ఆగినప్పుడల్లా మౌసును బల్ల మీద రెండుసార్లు కొట్టండి. పదేళ్లుగా నాకు పనిచేస్తున్న పద్ధతి.

తుది ఎక్స్‌పోర్ట్ మాత్రం ఏవీ1లోనే, అన్నిటికంటే నిదానమైన సెట్టింగుతో, రాత్రి రెండింటికి పెట్టండి. పొద్దున లేచేసరికి మూడు శాతం అయ్యి ఉంటుంది.

చిట్కా 5: చేతులు ముందు, చప్పట్లు తర్వాత

వీడియోలో శబ్దం సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి సినిమావాళ్లకు క్లాప్ బోర్డు కావాలి. మనకు బతుకమ్మ ఉంది. యాభై మంది ఆడవాళ్లు వలయంగా తిరుగుతూ ఒక్కసారి వంగి చప్పట్లు కొడతారు. శబ్దం అరసెకను జారినా మూడో వరుసలో కూర్చున్న ముసలమ్మ కూడా పట్టేస్తుంది. మా సంఘం బతుకమ్మ వీడియో ఒకదాంట్లో మొదటి పాటకు చేతులూ చప్పుడూ కలిసే ఉన్నాయి. ఐదో పాటకు అరచేతులు విడిపోయాక ‘టప్’ అంటుంది. తొమ్మిదో పాటకొచ్చేసరికి అందరూ నడుము ఎత్తేసి అటు తిరిగాక, ఖాళీ గాలిలోంచి చప్పట్లు వినిపిస్తాయి. “హాల్ల దయ్యం తిరుగుతున్నదా బిడ్డా?” అని అడిగింది మా పెద్దమ్మ, ఫోన్‌లో.

ఇంత చక్కటి ఫలితం మీకూ కావాలంటే మూడు పనులు చేయండి.

ఒకటి, ఫోన్‌తో తీసిన వీడియో ఫ్రేమ్ రేటు పట్టించుకోకండి. ఫోన్ 30 అని చెబుతుంది గానీ హాల్లో వెలుతురు తగ్గితే 24కు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ప్లగిన్ దారిలో లోపలికొచ్చిన అలాంటి ఫైలును ఎడిటర్ స్థిరమైన రేటని లెక్కగడితే శబ్దం జారిపోతుంది. ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఫార్మాట్ మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ అని ఒక్క బటన్ నొక్కితే సరిపోతుంది కాబట్టి, నొక్కకండి. 30నీ 29.97నీ ఒకటేనని కలిపేయడం ఇంకో మార్గం, గంటకు 3.6 సెకన్ల తేడా గ్యారంటీ.

రెండు, ఖతర్లో కరెంటు 50 హెర్ట్జ్, మన ఊళ్లో లాగే. 25 ఫ్రేములు, యాభయ్యో వంతు షట్టర్ పెడితే హాలు లైట్లు నిలకడగా కనిపిస్తాయి. మీరు 30 పెట్టి, షట్టర్ అరవయ్యో వంతు ఉంచండి. ముఖ్య అతిథి ముఖం మీద నల్ల చారలు పాకుతుంటాయి. ఆయన గంభీరమైన మాటలకు అది తగిన అలంకారం.

మూడు, ఒక కెమెరా గడియారాన్ని ఊరి టైములో, ఇంకోదాన్ని దోహా టైములో ఉంచండి. తేడా రెండున్నర గంటలు. తేదీ సమయాల వరసలో ఫైళ్లు పేర్చగానే ఒక కెమెరాలో భోజనాలు, ఇంకో కెమెరాలో జ్యోతి ప్రజ్వలన ఒకే క్షణంలో జరుగుతాయి. ఊరి మీద బెంగ ఉన్నవాడికి అదొక ఓదార్పు.

చిట్కా 6: రికార్డింగ్ నేరుగా ఎంపీ4లో చేయండి, ప్లగ్గు నలుగురికీ అందేచోట పెట్టండి

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసేటప్పుడు ఎంకేవీ ఎంచుకోమని ఏళ్ల తరబడి అందరూ చెబుతూ వచ్చారు. వినకండి.

మామూలు ఎంపీ4 ఎలా రాస్తుందంటే, పుస్తకమంతా రాసి విషయసూచికను ఆఖరి పేజీలో పెడుతుంది. ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పేది ఆ సూచికే. అది రాయకముందే కరెంటు పోతే పుస్తకం మొత్తం ఉన్నట్టే ఉంటుంది గానీ ఏ పేజీ తెరుచుకోదు. ఎంకేవీ ఎప్పటికప్పుడు ముక్కలు ముక్కలుగా పూర్తి చేసుకుంటూ పోతుంది. కరెంటు పోతే చివరి రెండు మూడు సెకన్లు పోతాయి, అంతే. తర్వాత ఓబీఎస్‌లోనే ఉన్న రీమక్స్ బటన్ నొక్కితే ఎంపీ4 చేతికొస్తుంది.

మా సంఘం వార్షికోత్సవంలో రెండు గంటల పది నిమిషాలు రికార్డయ్యాక, ఒక పెద్దాయన స్టేజీ పక్కకు వచ్చి, ఆ మూడు పిన్నుల లావు ప్లగ్గుల వరసలో ఒకదాన్ని ఎంతో జాగ్రత్తగా పీకి, స్విచ్చు తుడిచి, తన ఫోన్ చార్జర్ పెట్టుకున్నాడు. “రెండు శాతమే ఉందయ్యా” అన్నాడు నాతో. ఆయన ఫోన్ నూరు శాతానికి వచ్చింది. నా ఫైలు 11 జీబీల బరువుతో ఇప్పటికీ డిస్కులో ఉంది. తెరుచుకోదు. అప్పుడప్పుడు బరువు చూసుకుని తృప్తి పడతాను.

చిట్కా 7: తెలుగు అక్షరాలను విడదీసి పాలించండి

టైటిల్స్ వేసేటప్పుడు ప్రీమియర్ సెట్టింగుల్లో ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ అనే టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలని కొందరికి తెలుసు. మీరు తెలుసుకోకండి. అప్పుడు ‘శుభాకాంక్షలు’లో ‘క్’ ఒకచోట, ‘ష’ ఇంకోచోట నిలబడి ఒకరినొకరు ఎరగనట్టు చూసుకుంటాయి. ‘స్త్రీ’ మూడు ముక్కలవుతుంది. మహిళా దినోత్సవం రోజున తెర నిండా అలా వేశాం. చప్పట్లు బాగానే వచ్చాయి.

మండలి, మల్లన్న, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. వాటిని వదిలేసి, ఎప్పటిదో డీటీపీ షాపు ఫాంట్‌లో టైప్ చేసి, ఫొటోగా మార్చి అతికించండి. తప్పు దొర్లితే దిద్దుకునే వీలుండదు. అందువల్ల తప్పు లేనట్టే లెక్క. సబ్‌టైటిళ్లను కూడా బొమ్మలోనే కాల్చేయండి. విడి ఫైలుగా రాసి ఎంకేవీలో పెడితే రేపు ఎవరో అందులోంచి మాట వెతుక్కుంటారు, అరబిక్‌లోకో మలయాళంలోకో మార్చుకుంటారు. పక్క గది వాళ్లకు మన నాటకం అర్థమైపోతే ఎలా?

చిట్కా 8: ఫార్మాట్ ఓపెన్ అయితే లోపలి పాట కూడా ఓపెనే అనుకోండి

ఇది నాకు చాలా ఇష్టమైన చిట్కా. సినిమా పాటను వెబ్‌ఎంలో పెడితే అది స్వేచ్ఛా సంగీతం అయిపోతుంది. యూట్యూబ్ కాపీరైట్ నోటీసు పంపితే “ఇది ఓపెన్ ఫార్మాటండీ” అని జవాబు రాయండి. నేను రాశాను. వాళ్లింకా ఆలోచిస్తున్నారు.

ఫార్మాట్, లైసెన్సు అనే రెండు తాళాలూ వేరువేరు అని చెప్పే ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మనముంటున్న ఈ ఊళ్లోనే జరిగింది. 2009 జనవరి. గాజాలో యుద్ధం. బయటి విలేకరులకు లోపలికి దారి లేదు. దోహా నుంచి నడిచే అల్ జజీరా మనుషులు మాత్రం అప్పటికే లోపల ఉన్నారు. ప్రపంచమంతా ఆ దృశ్యాల కోసం ఎదురుచూస్తున్న వేళ, వ్యాపారం తెలిసినవాడు ఏం చేస్తాడు? నిమిషానికి ఇంత అని రేటు కడతాడు. అల్ జజీరా జనవరి 13న, ప్రసారానికి పనికొచ్చే నాణ్యతతో తన గాజా ఫుటేజీ కొంత క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ లైసెన్సు కింద విడుదల చేసింది. ఎవరైనా దించుకోవచ్చు, కోసుకోవచ్చు, తమ వీడియోలో కలుపుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. పోటీ చానళ్లకూ అడ్డు లేదు. షరతు ఒక్కటే: ఎవరిదో పేరు చెప్పాలి.

అది చట్టం తాళం. ఇంకో తాళం సాంకేతికం. ఆ వీడియోలను ఉంచిన బ్లిప్ అనే సైటు 2015లో మూతపడింది. అయితే లైసెన్సు ఉంది కనుక అప్పటికే కాపీలు చేతులు మారాయి. వికీమీడియా కామన్స్‌లోకి ఆగ్ ఫైళ్లుగా చేరినవి చేరాయి. ఆ కామన్స్ వాళ్లకు కూడా ఒక పట్టుదల ఉంది. ఎంపీ4ను అనుమతించాలా అని 2014లో చర్చ పెట్టుకుని, పేటెంట్ల మెలిక ఉన్న ఫార్మాట్ వద్దనే తేల్చారు. తెలుగు వికీపీడియా వ్యాసంలో వీడియో పెట్టాలన్నా వెబ్‌ఎం లాంటి స్వేచ్ఛా ఫార్మాటే దారి. లైసెన్సు తెరిచి ఫార్మాట్ మూస్తే చూడ్డానికి వీల్లేదు. ఫార్మాట్ తెరిచి లైసెన్సు మూస్తే వాడుకోవడానికి వీల్లేదు. రెండూ తీస్తేనే తలుపు.

మన సంఘానికి ఇదంతా వద్దు. బతుకమ్మ వీడియో మీద అడ్డంగా, మధ్యలో, మెరిసే అక్షరాలతో సంఘం లోగో వేసేయండి. ఎవరూ దొంగిలించరు. చూడరు కూడా.

చిట్కా 9: ఉన్నదంతా ఒకే డిస్కులో పెట్టి, డిస్కును కార్లో పెట్టండి

జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఖతర్లో పొద్దున పదింటి నుంచి మూడున్నర దాకా ఎండలో మనుషులతో పని చేయించకూడదు. చట్టం. హార్డ్ డిస్కుకు అలాంటి చట్టం లేదు. డాష్‌బోర్డు మీద పెట్టి శుక్రవారం నమాజు వేళ నుంచి సాయంత్రం దాకా వదిలేయండి. వీలైతే ప్రాజెక్టు ఫైలు ఒకటే దాచి, అసలు వీడియోలు చెరిపేయండి. చోటు మిగులుతుంది.

శాశ్వతంగా దాచుకోవాలనుకునే గ్రంథాలయాలు, ఆర్కైవులు కొన్ని మట్రోస్కాలో ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే కోడెక్‌తో దాస్తాయి. బొమ్మలో ఒక్క చుక్క కూడా పోదు. 2021లో దాని నిర్మాణమంతా బహిరంగ పత్రంగా అచ్చయింది. అంటే ఇవాళ్టి సాఫ్ట్‌వేర్లన్నీ మట్టిగొట్టుకుపోయినా, వందేళ్ల తర్వాత ఎవరో ఆ పత్రం చదివి ఫైలు తెరిచే పనిముట్టు మళ్లీ చేసుకోవచ్చు.

తాళ్లపాక వాళ్లు ఈ పని ఎప్పుడో చేశారు. అన్నమయ్య పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. శతాబ్దాలు గడిచాక, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బయటికి తీస్తే అక్షరం అక్షరం చదవగలిగారు. అక్షరం అందరిదీ కాబట్టి ఏ ప్లగినూ అవసరం పడలేదు. కానీ రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. పాట ఎలా పాడేవారో ఎవరికీ తెలియలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు మళ్లీ బాణీలు కట్టాల్సి వచ్చింది. ఎలా రాశారో తెలిసినది మిగిలింది; ఎలా పాడాలో రాయనిది పోయింది. పోతే పోయింది లెండి, కొత్త బాణీలొచ్చాయిగా అనుకోండి. నేనూ నా విషయంలో అలాగే అనుకుంటూ వచ్చాను.

చివరగా, నా పద్ధతికి ఒక సాక్ష్యం

2015లో మా సంఘంలో ఒక డ్రాఫ్ట్స్‌మన్ అన్న ఉండేవాడు. కోరుట్ల మనిషి. ఆయన కూతురికి అప్పుడు ఐదేళ్లు. బతుకమ్మ నాడు స్టేజీ ఎక్కి, మైకు తనకంటే ఎత్తుంటే బొటనవేళ్ల మీద నిలబడి, నానమ్మ నేర్పిన పాట పాడింది. నేనే తీశాను. నా క్యాప్చర్ కార్డుతో వచ్చిన సొంత కోడెక్‌లో, ‘హై క్వాలిటీ’ అని డబ్బా మీద రాసి ఉంది కదా అని, అందులోనే దాచాను. 2019లో ఆ కుటుంబం ఊరెళ్లిపోయింది.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. “తమ్మీ, అమ్మ పోయింది. బిడ్డ ఆ పాట అడుగుతున్నది. నానమ్మ పాట గదా. నీ దగ్గర ఉంటది గదా?”

ఉంటది, అన్నాను. డిస్కు తీశాను. అదృష్టం, తిరిగింది. ప్రాజెక్టు తెరుచుకుంది. ఎర్ర తెర వచ్చింది. రకరకాల భాషల్లో ‘మీడియా ఆఫ్‌లైన్’ అని రాసి ఉంటుంది దాని మీద, తెలుగు లేదు. ఆ కోడెక్ చేసిన కంపెనీ మూతబడింది. ప్లగిన్ పాత విండోస్‌కే పరిమితం. రెండు రాత్రులు కూర్చున్నాను. నా తొమ్మిది చిట్కాలూ వరసగా పాటించాను, పేరు మార్చడంతో సహా.

మూడో రాత్రి పాత ఫోన్ చార్జింగ్ పెట్టి వాట్సాప్ తవ్వాను. ప్రోగ్రాంకు వారం ముందు ఆ అన్న పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి దొరికింది. ‘ఈ పాట నడుస్తదా చూడు తమ్మీ’ అని పంపి ఉంటాడు. 48 సెకన్లు. నొక్కగానే మోగింది. వంటగదిలో ప్రెషర్ కుక్కర్ కూత, దాని వెనక పిల్ల గొంతు, మధ్యలో తప్పు పాడితే పక్కనుంచి సర్దుతున్న ముసలి గొంతు. ఆ ఏడు మనవరాలిని చూడ్డానికి ఆమె దోహా వచ్చిన సంగతే నాకు గుర్తులేదు.

ఓపస్ ఫైలు. పదేళ్ల కిందటిది. కోరుట్లకు పంపాను, అక్కడా నొక్కగానే మోగింది.

దాన్ని భద్రపరచమని నన్నెవరూ అడగలేదు. అందుకే ఉంది.